వివాదం రేపే పాఠం క్లాసులో ఎలా చెప్పాలి?

హైస్కూల్లో సోషల్, బయాలజీ చెప్పేవాళ్లకు ఏడాదిలో నాలుగైదు పీరియడ్లు కత్తి మీద సాములా ఉంటాయి. రిజర్వేషన్లు, సెప్టెంబరు 17 (హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు), ప్రత్యుత్పత్తి, జీవపరిణామం. కొందరు "ఇది ఇంటికెళ్లి చదువుకోండి, బిట్లు మాత్రమే అడుగుతారు" అని దాటేస్తారు. కొందరు మనసులో ఉన్నదంతా క్లాసులో కక్కేస్తారు. మొదటి పద్ధతి మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, రెండోదాని మీద చేస్తారు. పిల్లలకు మాత్రం రెండింటిలోనూ ఏమీ మిగలదు.

సిలబస్‌లో ఉన్న పాఠం చెప్పాలా వద్దా అన్నది టీచరు చేతిలో లేదు. ఏ వరుసలో, ఏ ఉదాహరణతో, ఏ మాటలతో, ఎంతసేపు అన్నది దాదాపు పూర్తిగా టీచరు చేతిలోనే ఉంది. చాలా గొడవలు ఈ రెండూ తారుమారు చేసుకోవడం వల్లే వస్తాయి. పాఠాన్ని వదిలేసే స్వేచ్ఛ ఉందనుకుంటాం, తీరా ఉన్న స్వేచ్ఛను వాడుకోవడం మరిచిపోతాం.

ముందు హద్దులు చూసుకోండి

విద్యాహక్కు చట్టం, 2009 ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. అందులో 24వ సెక్షను ప్రకారం సిలబస్‌ను నిర్ణీత గడువులో పూర్తిగా చెప్పడం టీచరు విధి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమవడం కూడా అదే సెక్షనులో ఉంది. 29వ సెక్షను పాఠ్యప్రణాళికను అకడమిక్ అథారిటీ చేతికిస్తుంది. మన దగ్గర ఆ పని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి అయిన ఎస్‌సీఈఆర్‌టీది. అదే సెక్షను పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలని, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పగలగాలని అంటుంది. ఆ చివరి ముక్క మీకు పెద్ద అండ. ఎవరైనా "పిల్లలతో చర్చలెందుకు?" అంటే చూపించాల్సింది దాన్నే. తొమ్మిది, పది తరగతులకు బోర్డు సిలబస్సే హద్దు.

మతం సంగతికి వస్తే రాజ్యాంగం 28వ అధికరణ చదివి పెట్టుకోండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కుదరదు. గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న బడిలో మతబోధకు, ప్రార్థనకు పిల్లల్ని బలవంతం చేయకూడదు, మైనరైతే పెద్దల సమ్మతి కావాలి. మతాల గురించి చెప్పడం వేరు. ఆ తేడాను సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. భక్తి ఉద్యమం, సూఫీలు, బౌద్ధం, ఇస్లాం చరిత్ర చెప్పడం మతబోధ కిందికి రాదు. కాబట్టి "మా వాడిని ఆ పాఠానికి కూర్చోబెట్టకండి" అని ఎవరైనా అడిగితే ప్రార్థనకైతే సరేననాలి, పాఠానికైతే కుదరదని చెప్పాలి.

ప్రభుత్వ టీచర్లయితే 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా ఉంది. రాజకీయాల్లో పాల్గొనడం, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం దాని కింద తప్పు. ఆంధ్రలో పిల్లలు రాజధాని గురించి అడిగినప్పుడు గుర్తుకు రావలసింది ఇదే. ఏ చట్టం ఎప్పుడు వచ్చింది, కోర్టు ఏమంది అన్నంత వరకు చెప్పండి. ఏ పార్టీది తప్పు అన్నచోట ఆగండి.

వివాదం ఏ రకమో తేల్చుకోండి

అన్ని వివాదాలకూ ఒకే మందు వేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. "రెండు వైపులా చెప్పేస్తే సరి" అనుకుంటారు. పరిణామ సిద్ధాంతానికి రెండు వైపులా చెబితే సైన్సు తప్పు చెప్పినట్టు. అంటరానితనానికి రెండు వైపులా చెబితే దాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణను చర్చకు పెట్టినట్టు.

1976లో జర్మనీలో బొయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పౌరవిద్య చెప్పేవాళ్లు కూర్చుని మూడు నియమాలు రాసుకున్నారు. పిల్లల మీద టీచరు తన అభిప్రాయం రుద్దకూడదు. పండితుల్లోనూ రాజకీయాల్లోనూ వివాదంలో ఉన్నదాన్ని క్లాసులో కూడా వివాదంగానే చూపాలి. పిల్లలు తమ మేలు ఎక్కడుందో తామే తేల్చుకోగలగాలి. రెండో నియమాన్ని తిరగేసి చదవండి: పండితుల్లో వివాదం లేనిదాన్ని క్లాసులో వివాదంగా చూపకూడదు. మన పాఠాలకు ఈ కొలబద్ద బాగా పనికొస్తుంది.

దాన్ని పట్టుకుని చూస్తే మన దగ్గర నాలుగు రకాలు కనిపిస్తాయి. ఒకటి, నిజం తేలిపోయి నమ్మకంతో గొడవపడేవి (పరిణామం, గ్రహణాలు). రెండు, జరిగిందేమిటో దాదాపు అందరికీ ఒప్పుదలైనా పేరు దగ్గర, అర్థం దగ్గర తేడా వచ్చేవి (సెప్టెంబరు 17, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం). మూడు, క్లాసులో కూర్చున్న పిల్లల్లో కొందరికి నేరుగా తగిలేవి (కులం, రిజర్వేషన్లు, ఎస్సీ వర్గీకరణ). నాలుగు, సిగ్గు తప్ప వివాదమేమీ లేనివి (ప్రత్యుత్పత్తి, రుతుచక్రం). మొదటి రకానికి ఆధారాలు కావాలి, రెండోదానికి పత్రాలు. మూడోదానికి జాగ్రత్త. నాలుగోదానికి మామూలు గొంతు చాలు.

వారం ముందు చేయాల్సిన కాగితం పని

పీరియడ్ ప్లాన్ ఎలాగూ రాస్తారు. ఈ పాఠాలకు మాత్రం అందులో మూడు వరుసలు అదనంగా చేర్చండి: పుస్తకంలో ఏ పేజీ, పుస్తకానికి బయటి నుంచి ఏం తెస్తున్నారు, దాని మూలం ఏమిటి. బయటి నుంచి తెచ్చేది ఒక పేజీ దాటకూడదు. ప్లాన్ మీద హెచ్ఎం సంతకం పాఠానికి ముందే తీసుకోండి. గొడవయ్యాక పాత తేదీ వేసి రాసిన ప్లాన్ ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, అసలు లేకపోవడం కన్నా అది ఎక్కువ చేటు చేస్తుంది.

బయటి నుంచి తెచ్చేదాని మీద ఎప్పుడూ కన్నేసి ఉంచండి. వాట్సాప్‌లో వచ్చిన కరపత్రం, యూట్యూబ్ ముక్క, దినపత్రిక సంపాదకీయం క్లాసులో వద్దు. పుస్తకం, రాజ్యాంగం, చట్టం, కోర్టు తీర్పు, ఆనాటి పత్రం, ఈ అయిదింటిలో ఏదో ఒకటై ఉండాలి. అప్పుడు "ఇది ఎక్కడిది?" అన్న ప్రశ్నకు వేలు పెట్టి చూపించగలుగుతారు.

పుస్తకంలో ఉన్న బొమ్మే గొడవ తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1949లో శంకర్ గీసిన అంబేడ్కర్ కార్టూను కేంద్రప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో ఉన్నందుకు 2012లో పార్లమెంటు దద్దరిల్లింది. ఆ పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. కార్టూను వాడితే దాని కింద ఎవరు గీశారు, ఏ ఏడాది, దేని మీద అన్నది బోర్డు మీద రాయనిదే ముందుకు పోకండి.

ప్రైవేటు బళ్లలో ఇంకో సమస్య ఉంటుంది. "ఆ చాప్టర్ వదిలేయండి సార్, పేరెంట్స్‌తో ఎందుకొచ్చిన తలనొప్పి" అని మేనేజ్‌మెంటు నోటిమాటగా అంటుంది. వాదనకు దిగకండి. "సరే సార్, ఈ పాఠం ఏ నెలలో పెట్టుకోమంటారో డైరీలో రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. వదిలేయమని రాసిచ్చేవాళ్లు అరుదు.

సెప్టెంబరు 17: ఒక పీరియడ్ నడిపే తీరు

తెలంగాణ టీచర్లకు ఏటా వచ్చే చిక్కు ఇది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజును ఏమని పిలవాలి? కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 'హైదరాబాద్ విమోచన దినం' జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినోత్సవం' జరిపింది. 2024లో రాష్ట్రం పేరు మార్చి 'ప్రజాపాలన దినోత్సవం' అంది. 'విలీనం' అనేవాళ్లున్నారు, 'విద్రోహం' అనేవాళ్లూ ఉన్నారు. ఒకే ఊళ్లో రెండు మైకుల్లో రెండు పేర్లు వినపడ్డాక పిల్లలు "ఏది కరెక్టు సార్?" అని అడగక ఏం చేస్తారు?

నలభై అయిదు నిమిషాల పీరియడ్‌ని ఇలా విడగొట్టండి.

మొదటి పది నిమిషాలు పేర్ల జోలికి అసలు పోవద్దు. బోర్డు మీద తేదీల గీత గీయండి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. చౌధురి మిలిటరీ గవర్నరు అయ్యాడు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం అక్కడితో ఆగలేదు, 1951 దాకా సాగింది. 1949 నవంబరులో నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చాడు, 1950 జనవరి 26న రాజప్రముఖ్ (గవర్నరు లాంటి పదవి) అయ్యాడు. 1956 నవంబరు 1న సంస్థానం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాల్లో కలిసింది. ఈ వరుసతో ఎవరికీ తగాదా లేదు. ఇది పిల్లల నోటుపుస్తకంలో పడకుండా చర్చ మొదలుపెడితే అది కేకలాటగా మారుతుంది. చర్చ చెడిపోయిన క్లాసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోతాయి.

తరువాత పదిహేను నిమిషాలు పేర్ల పట్టిక. క్లాసును అయిదుగురేసి జట్లుగా చేయండి. పిల్లల్ని కులం, మతం, నివాసం కలగలిసేలా రోల్ నంబరు ప్రకారం విడదీయండి. ఇష్టం వచ్చినట్టు కూర్చోమంటే స్నేహాల వెంట కులాలే కూర్చుంటాయి. ఒక్కో జట్టుకు ఒక పేరు. పట్టికలో మూడు గళ్లు: ఈ పేరు ఎవరు వాడతారు, ఈ పేరు వాడితే 1948లో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించకుండా పోతారు. మూడో గడి ముఖ్యం. 'విమోచన' అంటే రజాకార్ల దాడులు చవిచూసిన బైరాన్‌పల్లి లాంటి ఊళ్లు కనిపిస్తాయి. సైనికచర్య తరువాత మరాఠ్వాడా వైపు ముస్లిం కుటుంబాలు పడిన బాధ మరుగున పడుతుంది. 'విలీనం' అంటే రాజుకూ ప్రభుత్వానికీ మధ్య కాగితం కనిపిస్తుంది, దున్నేవాడి పోరాటం కనిపించదు. 'విద్రోహం' అంటే 17 తరువాత కూడా నడిచిన పోరాటం కనిపిస్తుంది, ఆ రోజు ఊపిరి పీల్చుకున్నవాళ్లు కనిపించరు. ఈ మూడో గడి పిల్లలతోనే నింపించండి. మీరు నింపితే అది మీ అభిప్రాయంగా ఇంటికెళ్తుంది.

తరువాత అయిదు నిమిషాలు సరిహద్దు దాటండి. ఇదే సెప్టెంబరు 17ను మహారాష్ట్రలో 'మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం' అంటారు. కర్ణాటకలో 'హైదరాబాద్-కర్ణాటక విమోచన దినం' అని ఉండేది, 2019లో 'కల్యాణ కర్ణాటక ఉత్సవం' అని మార్చారు. ఒకే సంస్థానం, ఒకే రోజు, మూడు రాష్ట్రాల్లో పేర్లు వేరు. పిల్లల ముఖాల్లో వేడి తగ్గేది ఇక్కడే, ఎందుకంటే అప్పటికది మన ఊరి పార్టీల తగాదాలా అనిపించడం మానేస్తుంది.

మిగిలిన పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరు అయిదు వాక్యాలు రాయాలి: తాము ఎంచుకున్న పేరు, దానికి ఒక కారణం, ఎదుటి పేరు వాడేవాళ్లు ఏమంటారో వాళ్లు ఒప్పుకునేలా ఒక వాక్యం. ఏ పేరు ఎంచుకున్నారన్నదానికి మార్కు లేదు. నాలుగు మార్కులైతే తేదీలు, వాస్తవాలకు రెండు, కారణానికి ఒకటి, ఎదుటివాళ్ల వాదన న్యాయంగా చెప్పినందుకు ఒకటి. పరీక్షలో కూడా "విమోచనమా, విలీనమా?" అని అడగకండి. "ఏవైనా రెండు పేర్లు, వాటి వెనకున్న కారణాలు రాయండి" అని అడగండి. జవాబు ఒక్కటే ఉన్నట్టు అడిగితే పిల్లలు మీ ముఖం చూసి రాస్తారు.

ఒక పిల్లవాడు లేచి "మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో ఇలా జరిగింది" అని ఏదో చెప్తాడు. రజాకార్ల గురించి కావచ్చు, సైన్యం వచ్చాక జరిగినదాని గురించి కావచ్చు. "అలాంటిదేం లేదు" అనకండి, "అవును, అదే నిజం" అని ముద్రా వేయకండి. "మీ ఇంట్లో గుర్తున్నది చెప్పావు, దీన్ని ఏ పత్రంతో సరిచూస్తాం?" అని అడగండి. 1948 చివర్లో పండిట్ సుందర్‌లాల్ బృందం సంస్థానంలో పర్యటించి, సైనికచర్య తరువాత జరిగిన హింస మీద నివేదిక ఇచ్చిందని మీకు తెలిసి ఉండాలి. పుస్తకంలో లేకపోతే దాన్ని ఎనిమిదో తరగతిలో మీ అంతట మీరు తెరవకండి. పదో తరగతిలో తెరవాలనుకుంటే ప్లాన్‌లో రాసి, హెచ్ఎంకి ముందే చెప్పండి.

కులం పాఠం: ఎవరినీ నమూనాగా నిలబెట్టకండి

ఇక్కడ తప్పు జరిగితే పిల్లలకు ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. అందుకే నియమాలు గట్టిగా ఉండాలి.

క్లాసులో ఎవరి కులమూ అడగకండి, తెలిసినా పైకి అనకండి. స్కాలర్‌షిప్ జాబితా కోసం "ఎస్సీ వాళ్లు చేతులెత్తండి" అనే అలవాటు ఇంకా చాలా బళ్లలో ఉంది. ఉదయం అలా చేతులెత్తించి మధ్యాహ్నం సమానత్వం పాఠం చెబితే ఏ పాఠం గుర్తుంటుందో వేరే చెప్పాలా? ఆ జాబితా ఆఫీసు రిజిస్టరు నుంచి తీసుకోవాలి, పిల్లలతో విడివిడిగా మాట్లాడాలి. రెండు గ్లాసుల పద్ధతి చెబుతూ "మన ఊళ్లో కూడా..." అని మొదలుపెట్టకండి. ఊళ్లో జరిగిన ఘటన తాలూకు రెండు వైపులవాళ్ల పిల్లలూ మీ ముందే ఉంటారు. దూరపు ఉదాహరణ తీసుకోండి. 1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ల కోసం అంబేడ్కర్ చేసిన సత్యాగ్రహంతో క్లాసంతా విషయంలోకి వస్తుంది, ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

తిట్టుగా వాడే కులపదాలు పాఠంలో వస్తే గట్టిగా చదవకండి. ఎవరు రాశారు, ఎప్పుడు అన్నది బోర్డు మీద రాసి పిల్లల్ని మౌనంగా చదువుకోమనండి. దీనికి రెండు కారణాలు. ఆ మాట ఎవరికి తగులుతుందో వాళ్లు అక్కడే కూర్చుని ఉంటారు. రెండోది ఫోన్లు. పదిహేను సెకన్ల ముక్కలో "అప్పట్లో ఇలా అనేవాళ్లు" అన్న భాగం తెగిపోయి ఆ పదం మాత్రమే మీ గొంతులో మిగిలితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు దాకా పోవచ్చు.

"రిజర్వేషన్లు ఉండాలా, వద్దా?" అని డిబేటు పెట్టకండి. చూడటానికి అది నిష్పాక్షికంగా ఉంటుంది. ఆ ప్రశ్నలోనే కొందరు పిల్లలు బోనులో నిలబడతారు, మిగతావాళ్లు జడ్జీలవుతారు. ప్రశ్నను చట్టం వైపు తిప్పండి. మద్రాసు ప్రభుత్వ కమ్యూనల్ జీవో (కులం, మతం వారీగా కాలేజీ సీట్లు కేటాయించిన ఉత్తర్వు) మీద చంపకం దొరైరాజన్ కేసు తీర్పు 1951లో వచ్చింది, ఆ ఏడే మొదటి రాజ్యాంగ సవరణతో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(4) చేరింది. అది ఎందుకు చేరింది? 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు 50 శాతం హద్దు పెట్టింది. 2019లో 103వ సవరణతో ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు 10 శాతం వచ్చింది, 2022లో సుప్రీంకోర్టు 3-2తో దాన్ని నిలబెట్టింది. ఇద్దరు జడ్జీలు ఎందుకు ఒప్పుకోలేదు? ఇలా అడిగితే పిల్లలు వాదించేది చట్టంతో, పక్క బెంచీవాడితో కాదు.

వర్గీకరణ (ఎస్సీ కోటాను అందులోని కులాల మధ్య విభజించడం) ప్రస్తావన వస్తే మరింత నెమ్మదిగా పోవాలి. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న 6-1తో ఆ తీర్పును పక్కన పెట్టింది, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ వర్గీకరణను అమల్లోకి తెచ్చాయి. ఇంత చెప్పి ఆపేయండి. ఏ ఉపకులం ఎంత లాభపడింది అన్న లెక్క క్లాసులో వేయించకండి. మాల, మాదిగ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే చోట ఆ లెక్క ఇంటర్వెల్లో తగాదా అవుతుంది.

ప్రత్యుత్పత్తి పాఠం: చీటీల డబ్బా

ఎనిమిదో తరగతిలో కౌమార దశ, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి. శుక్రకణం, అండాశయం, గర్భాశయం, రుతుచక్రం అని పుస్తకంలో ఉన్న పదాలనే వాడండి, వాటిని గుండె, ఊపిరితిత్తులు అన్నంత మామూలుగా పలకండి. ముందురోజు ఇంట్లో ఒకసారి పైకి చదువుకుంటే మొదటి పీరియడ్‌లో గొంతు తడబడదు. మొదటి అయిదు నిమిషాలు నవ్వులు వస్తాయి. కోప్పడకండి, బొమ్మ గీస్తూ ఉండండి, అవే తగ్గిపోతాయి. ఆడపిల్లల్ని, మగపిల్లల్ని వేరుచేసి చెప్పడం వాళ్లకు తేలికగా ఉండొచ్చు, కానీ ఇది దాచాల్సిన విషయమన్న సంకేతం కూడా వెళ్తుంది. పాఠం కలిపే చెప్పి, సందేహాలకు మాత్రం విడివిడిగా సమయం పెట్టడం మేలు.

సందేహాలకు డబ్బా పెట్టండి. ఒకే సైజు చీటీలు ముందే కత్తిరించి అందరికీ ఒక్కోటి ఇవ్వాలి. ప్రశ్న లేనివాళ్లు కూడా ఏదో ఒకటి రాయాలి, కనీసం పుస్తకంలోంచి ఒక వాక్యం. లేకపోతే ఎవరు పెన్ను కదిపారో అందరూ చూస్తారు. చీటీలు అక్కడే తెరవకండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి. మర్నాడు సిలబస్‌కి సంబంధించినవాటికి క్లాసులో జవాబు చెప్పండి, మిగిలినవాటికి "ఇవి ఆరోగ్య కార్యకర్తని అడగొచ్చు" అనండి.

డబ్బా పెట్టేముందు ఒక మాట తప్పకుండా చెప్పాలి: "మీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే నేను దాన్ని దాచలేను." పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో చట్టం, 2012 ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ పడొచ్చు. సంస్థ బాధ్యులకు ఏడాది దాకా జైలు ఉంటుంది. అలాంటి చీటీ కనిపిస్తే మీరే విచారణ మొదలుపెట్టకండి, పిల్లని పదిమంది ముందు అడగకండి, ఇంటివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోకండి (చేసినవాడు ఇంట్లోనే ఉండొచ్చు). చీటీ భద్రపరచి అదే రోజు హెచ్ఎంకి చెప్పండి, పోలీసులకు సమాచారం ఇవ్వండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్.

పరిణామం

ఇక్కడ పెద్దగా తడబడేదేం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో భారం తగ్గింపు పేరుతో పదో తరగతి సైన్సులో పరిణామం భాగాన్ని తీసేసింది, అందువల్ల 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం 'అనువంశికత' అయింది. పన్నెండో తరగతి బయాలజీలో అది అలాగే ఉంది. మీ పుస్తకంలో ఉంటే ఆధారాలతో చెప్పండి. లేకపోతే అనువంశికత చెబుతూ పది నిమిషాలు దాని గురించి చెప్పొచ్చు, పరీక్షలో మాత్రం అడగకూడదు. "మా గ్రంథంలో వేరేగా ఉంది సార్" అని పిల్లవాడంటే గ్రంథంతో తలపడకండి. "పరీక్షలో సైన్సు ఏమంటుందో అది రాయి, దానికి ఆధారాలు ఇవి. ఇంట్లో నమ్మేది మీ ఇష్టం" అంటే చాలు. దశావతారాలనే పరిణామ క్రమంగా చెప్పడం సరదాగా ఉంటుంది, వద్దు. అది సైన్సునూ నమ్మకాన్నీ రెంటినీ కంగాళీ చేస్తుంది.

"మీరేమంటారు సార్?"

ఈ ప్రశ్న రాక తప్పదు. మన పిల్లలకు సారు చెప్పిందే జవాబు. అందుకే "నేను చెబితే మీరు రేపు అదే రాస్తారు, మీ కారణం నాకు కావాలి" అని చెప్పడం నిజాయితీగల జవాబే. తేలిపోయిన విషయాల్లో మాత్రం ఈ ముసుగు వేసుకోకండి. అంటరానితనం తప్పా అని అడిగితే తప్పు, నేరం అని సూటిగా చెప్పండి. బాల్యవివాహం, గృహహింస, కొట్టి చదివించడం కూడా అంతే. అక్కడ నోరు మెదపకపోతే అదీ ఒక జవాబే అవుతుంది.

తల్లిదండ్రులు గేటు దగ్గరకు వస్తే

వాట్సాప్ గ్రూపులో జవాబు రాయకండి, ఒక్క వాక్యం కూడా. "రేపు పదిన్నరకు హెచ్ఎం గదిలో కూర్చుందాం అండి" అని ఫోనులో చెప్పండి. వచ్చినప్పుడు కుర్చీ వేసి, ముందు వాళ్లని పూర్తిగా చెప్పనివ్వండి. చాలామంది పిల్లవాడు ఇంట్లో సగం చెప్పిన మాట పట్టుకుని వస్తారు. మీ చేతిలో మూడు కాగితాలు ఉండాలి: పుస్తకం పేజీ, సంతకమున్న ప్లాన్, ఆ రోజు ఇచ్చిన పని కాగితం.

ఫిర్యాదు దేని మీదో విడదీయండి. "ఈ పాఠమే ఉండకూడదు" అంటే అది మీ పరిధిలోది కాదు. ఎస్‌సీఈఆర్‌టీకో బోర్డుకో రాతపూర్వకంగా ఇవ్వమనండి, దారి చూపించండి, వాదించకండి. "చెప్పిన తీరు బాలేదు" అంటే అది మీదే, వినండి, నోట్ చేసుకోండి, మార్చగలిగితే మార్చండి. "ఫలానా మాట అన్నారు" అంటే నిజంగా అనుంటే వెంటనే ఒప్పుకుని అదే క్లాసులో సరిదిద్దండి. హెచ్ఎం గదిలో క్షమాపణ చెప్పి క్లాసులో ఊరుకుంటే పిల్లల మనసులో ఆ మాట అలాగే ఉండిపోతుంది.

జాతీయగీతం విషయంలో ఫిర్యాదు వస్తే 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు గుర్తుంచుకోండి. గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడని కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేయడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

నలుగురైదుగురు కలిసి వస్తే, వాళ్లలో మీ బడిలో పిల్లలు లేనివాళ్లు కూడా ఉంటే, ఎవరి తల్లి, ఎవరి తండ్రి అన్నది ముందు రిజిస్టరులో రాయించండి. బడిలో పిల్లలు లేనివాళ్లని ఫిర్యాదు కాగితం ఇచ్చి వెళ్లమనండి. మాట్లాడిందంతా మినిట్స్ బుక్కులో పడాలి, అందరి సంతకాలూ ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో చట్ట ప్రకారం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు. ఏడాది మొదట్లోనే కమిటీ సమావేశంలో "ఈ నెలల్లో ఈ పాఠాలు వస్తాయి, ఇలా చెబుతాం" అని పది నిమిషాలు చెప్పి మినిట్స్‌లో రాయించి ఉంటే, గేటు దగ్గరకు వచ్చినవాళ్లకు జవాబు చెప్పేది మీరొక్కరే కాదు.

మీ ప్లాన్, పట్టిక, పిల్లలు రాసినవాటిలో మంచివి రెండు (పేర్లు తీసేసి), ఏ ప్రశ్న దగ్గర క్లాసు వేడెక్కిందో ఒక చిన్న నోటు, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి సోషల్ లేదా బయాలజీ బీరువాలో ఉంచండి. బదిలీ మీద మీరు వెళ్లిపోయినా, వచ్చే ఏడాది అదే సెప్టెంబరులో అదే పాఠం కొత్తవాళ్ల చేతికి వస్తుంది.